స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో వీడియో ఎడిటింగ్

సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉండి, వాడుకోవడానికి, పరిశీలించడానికి, మార్చుకోవడానికి, ఇతరులకు పంచడానికి లైసెన్సు అనుమతించే ప్రోగ్రాములతో దృశ్యాలను, ధ్వనిని కూర్చి వీడియో తయారుచేయడమే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వీడియో ఎడిటింగ్. కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఓపెన్‌షాట్, బ్లెండర్ ఈ కోవలో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. అడోబ్ ప్రీమియర్ ప్రో, ఫైనల్ కట్ ప్రో, ఎడియస్ వంటి యాజమాన్య సాఫ్ట్‌వేర్ నుంచి వీటికి మారినప్పుడు ప్రోగ్రాముతో పాటు ప్రాజెక్టు ఫైళ్లు, వీడియోను కుదించి విప్పే కోడెక్‌లు, ఫాంట్లు, పని పద్ధతి కూడా మారతాయి. అందువల్ల ఈ మార్పు కేవలం ఖర్చుకు సంబంధించిన విషయం కాదు.

నిర్వచనం, పరిధి

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు నాలుగు హక్కులు ఆధారం. ప్రోగ్రామును ఏ పనికైనా నడపడం, దాని పనితీరును చదివి తెలుసుకుని మార్చుకోవడం, ప్రతులను పంచడం, మార్చిన రూపాన్ని పంచడం. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించి ఈ భావనకు సంస్థాగత రూపమిచ్చారు. ఓపెన్ సోర్స్ అన్న పేరు 1998లో వాడుకలోకి వచ్చింది. రెండు పేర్ల వెనుక దృక్పథాలు వేరైనా, వీడియో ఎడిటింగ్ రంగంలో రెండూ దాదాపు ఒకే ప్రోగ్రాములను సూచిస్తాయి.

డబ్బు చెల్లించకుండా దొరికే ప్రతి ఎడిటరూ ఈ పరిధిలోకి రాదు. డావించీ రిజాల్వ్‌కు ఉచిత కూర్పు ఉంది. అయితే దాని సోర్సు కోడు బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ వద్దే ఉంటుంది. ఏ సదుపాయాలు ఉచితంగా ఇవ్వాలో ఆ సంస్థే నిర్ణయిస్తుంది. లైట్‌వర్క్స్‌ను ఓపెన్ సోర్సుగా మారుస్తామని అప్పటి యజమాని ఎడిట్‌షేర్ 2010లో ప్రకటించింది కానీ సోర్సు కోడు విడుదల కాలేదు. మరోవైపు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను డబ్బు తీసుకుని అమ్మడానికి లైసెన్సులు అడ్డు చెప్పవు.

ప్రోగ్రాముకు వర్తించే లైసెన్సు, దానితో చేసిన వీడియోకు వర్తించదు. గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద విడుదలైన ఎడిటర్‌తో తయారుచేసిన సినిమాపై, ప్రకటనపై, పెళ్లి వీడియోపై హక్కులు దాని కర్తలవే.

చరిత్ర

నేపథ్యం

టేపు మీద వరుసగా మొదటి నుంచి చివరి వరకు కూర్చే పద్ధతికి బదులు, ఏ దృశ్యాన్నైనా ఎప్పుడైనా తీసుకుని ఎక్కడైనా పెట్టగల విధానాన్ని నాన్ లీనియర్ ఎడిటింగ్ అంటారు. 1971లో వచ్చిన సీఎంఎక్స్ 600 ఈ తరహా యంత్రాల్లో మొదటిది. 1989లో అవిడ్, 1999లో ఫైనల్ కట్ ప్రో ఈ విధానాన్ని మామూలు కంప్యూటర్ల మీదికి తెచ్చాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ప్రయత్నాలు 1990ల చివర మొదలయ్యాయి.

తొలి ప్రయత్నాలు

లినక్స్ మీద నడిచే తొలి ఎడిటర్లలో ఆడం విలియమ్స్ రూపొందించిన బ్రాడ్‌కాస్ట్ 2000 ఒకటి. చట్టపరమైన బాధ్యతల భయంతో 2001లో దాని పంపిణీ ఆగిపోయింది; 2002లో సినెలెర్రా పేరుతో కొత్త ప్రోగ్రాము వచ్చింది. విండోస్ మీద ఏవరీ లీ రాసిన వర్చువల్‌డబ్, క్యామ్‌కార్డర్ల డీవీ టేపుల కోసం వచ్చిన కీనో కూడా ఈ దశకు చెందినవే. 2002లో జేసన్ వుడ్ కేడెన్‌లైవ్‌ను ప్రారంభించారు. అదే ఏడాది బ్లెండర్ సోర్సు కోడును విడిపించడానికి టోన్ రోసెండాల్ చేపట్టిన విరాళాల సేకరణలో ఏడు వారాల్లో లక్ష యూరోలు సమకూరాయి. అక్టోబరులో అది జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద విడుదలైంది. 2004లో పిటివి మొదలైంది.

ఉమ్మడి ఇంజిన్ల దశ

తొలి ఎడిటర్లు చాలావరకు వీడియోను చదవడం, చూపించడం, రాయడం అన్నీ వేటికవే చేసుకునేవి. ఫాబ్రీస్ బెలార్ 2000లో ప్రారంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, రకరకాల వీడియో, ఆడియో ఫార్మాట్లను విప్పే, కుదించే పనిని ఒకేచోటికి చేర్చింది. దాని మీద కూర్పు పనిని చూసుకునేలా చార్లెస్ యేట్స్, డాన్ డెనెడీ ఎంఎల్‌టీ అనే మల్టీమీడియా ఫ్రేమ్‌వర్క్‌ను రూపొందించారు.

ఎంఎల్‌టీ టెలివిజన్ ప్రసారాల అవసరాల కోసం పుట్టింది. 2003 నుంచి మొదలయ్యే దాని సోర్సు ఫైళ్ల కాపీరైటు గమనికల్లో ఉషోదయా ఎంటర్‌ప్రైజెస్ లిమిటెడ్ పేరు, రచయితగా యేట్స్ పేరు ఉన్నాయి. ఉషోదయా ఎంటర్‌ప్రైజెస్ హైదరాబాదు కేంద్రంగా ఈనాడు దినపత్రికను ప్రచురించే రామోజీ గ్రూపు సంస్థ. ప్రసారకేంద్రంలో క్లిప్పులను వరుసగా ప్రసారంచేసే మెల్టెడ్ అనే సర్వరు కూడా ఈ ఫ్రేమ్‌వర్క్ మీదే నడుస్తుంది. తర్వాతి కాలంలో కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఫ్లోబ్లేడ్ మూడూ ఎంఎల్‌టీనే ఇంజిన్‌గా స్వీకరించాయి.

విస్తరణ

జొనాథన్ థామస్ 2008లో మొదలుపెట్టిన ఓపెన్‌షాట్ తొలి స్థిర వెర్షన్ 2010లో వచ్చింది. డెనెడీ తిరగరాసిన షాట్‌కట్ 2011లో వెలువడింది. 2019 ఏప్రిల్‌లో కేడెన్‌లైవ్ కోడులో పెద్ద భాగాన్ని మళ్లీ రాసి విడుదల చేశారు.

ఇదే కాలంలో యాజమాన్య సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన మార్పులు వాడుకరులను ప్రత్యామ్నాయాల వైపు చూసేలా చేశాయి. 2011లో ఫైనల్ కట్ ప్రో టెన్ విడుదలైనప్పుడు దాని పాత వెర్షన్ల ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. 2013లో అడోబ్ తన కొత్త వెర్షన్లను చందా పద్ధతికి మార్చింది. 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ మూవీ మేకర్ డౌన్‌లోడును నిలిపివేసింది. ఇలా ప్రత్యామ్నాయాలు వెతికిన వాడుకరుల్లో పలువురు మరో యాజమాన్య ప్రోగ్రాముకు వెళ్లగా, కొందరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నారు.

నిర్మాణం, పనితీరు

స్వేచ్ఛా వీడియో ఎడిటర్‌లో సాధారణంగా మూడు పొరలు ఉంటాయి. అడుగున కోడెక్ లైబ్రరీలు, మధ్యలో కూర్పు ఇంజిన్, పైన వాడుకరికి కనిపించే తెర. అడుగు పొర చాలా ఎడిటర్లలో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగే. మధ్య పొర ఎంఎల్‌టీ కావచ్చు, పిటివిలోలాగా జీస్ట్రీమర్ కావచ్చు, ఓపెన్‌షాట్‌కూ బ్లెండర్‌కూ ఉన్నట్టు సొంతది కావచ్చు. తెర వేరైనా ఇంజిన్ ఒకటే అయితే ఎఫెక్టులు, లోపాలు, తెరుచుకునే ఫార్మాట్లు చాలావరకు ఒకేలా ఉంటాయి.

ఎంఎల్‌టీలో పని నాలుగు భాగాల మధ్య జరుగుతుంది. ప్రొడ్యూసర్ ఫైలు నుంచి ఫ్రేములను అందిస్తుంది. ఫిల్టర్ రంగు, ధ్వని వంటివి సవరిస్తుంది. ట్రాన్సిషన్ రెండు ట్రాకులను కలుపుతుంది. కన్‌స్యూమర్ ఫలితాన్ని తెరకో ఫైలుకో పంపుతుంది. ఫ్రేములను అడిగేది కన్‌స్యూమరే. అడిగినప్పుడే మిగతా భాగాలు పనిచేస్తాయి కాబట్టి టైమ్‌లైన్‌లో పెట్టిన దృశ్యమంతా ముందుగానే లెక్కకట్టనక్కర్లేదు.

ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు. ఏ క్లిప్ ఏ ఫోల్డరులో ఉంది, ఎక్కడ కోయాలి, ఏ ట్రాకులో పెట్టాలి, ఏ ఎఫెక్టు వేయాలి అన్న వివరాలు మాత్రమే ఉంటాయి. కేడెన్‌లైవ్, షాట్‌కట్ ప్రాజెక్టులు ఎక్స్‌ఎంఎల్ రూపంలోని పాఠ్య ఫైళ్లు. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చదవవచ్చు. క్లిప్పులున్న ఫోల్డరు మారితే కొత్త చోటును ప్రోగ్రాముకు చూపించాలి.

బరువైన వీడియోల కోసం ప్రాక్సీ క్లిప్పులు వాడతారు. 3840×2160 కొలతల 4కె వీడియోకు 960×540 కొలతల ప్రతి తయారుచేస్తే పిక్సెళ్లు పదహారో వంతుకు తగ్గుతాయి. ఎడిటింగ్ ఈ తేలిక ప్రతి మీద సాగుతుంది. చివర రెండర్ చేసేటప్పుడు, అంటే తుది వీడియో ఫైలును రాసేటప్పుడు, అసలు ఫైళ్లనే వాడతారు.

రకాలు

బహుళ ట్రాకుల ఎడిటర్లు

కేడెన్‌లైవ్ కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సముదాయం నిర్వహించే పూర్తిస్థాయి ఎడిటర్. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. షాట్‌కట్ కూడా మూడింటిలోనూ దొరుకుతుంది. క్లిప్పులను ముందుగా దిగుమతి చేసుకోకుండానే నేరుగా టైమ్‌లైన్ మీద పెట్టవచ్చు. ఓపెన్‌షాట్ కొత్తవారికి సులువుగా అర్థమయ్యే తెరను లక్ష్యంగా పెట్టుకుంది. ఫ్లోబ్లేడ్, పిటివి ప్రధానంగా లినక్స్ వాడుకరుల కోసం. సినెలెర్రా నేడు సినెలెర్రా జీజీ వంటి శాఖల రూపంలో కొనసాగుతోంది.

బ్లెండర్ ప్రధానంగా త్రీడీ చిత్రాల సాధనం. వీడియో సీక్వెన్స్ ఎడిటర్ అందులో ఒక విభాగం. యానిమేషన్, కంపోజిటింగ్, కూర్పు ఒకే ప్రాజెక్టులో చేసుకోవాలనుకునేవారు దీన్ని వాడతారు.

కత్తిరింపు సాధనాలు

అవిడెమక్స్, లాస్‌లెస్‌కట్ పొడవైన రికార్డింగుల నుంచి అక్కర్లేని భాగాలు తీసేయడానికి ఉపయోగపడతాయి. వీడియోను తిరిగి కుదించకుండానే కోయగలవు కాబట్టి నాణ్యత తగ్గదు, పని త్వరగా పూర్తవుతుంది. అయితే కుదించిన వీడియోలో పూర్తి చిత్రం ఉండేది కీఫ్రేముల్లోనే. మిగతా ఫ్రేములు పక్కవాటితో తేడాలను మాత్రమే నమోదుచేస్తాయి. అందువల్ల ఈ పద్ధతిలో క్లిప్ మొదలయ్యే చోటు కీఫ్రేము దగ్గరే ఉండాలి.

అనుబంధ సాధనాలు

తెర రికార్డింగుకు, ప్రత్యక్ష ప్రసారానికి ఓబీఎస్ స్టూడియో, ఫార్మాటు మార్పిడికి హ్యాండ్‌బ్రేక్, ధ్వని సవరణకు ఆడాసిటీ, ఆర్డర్, దృశ్యాల పొరల కూర్పుకు నాట్రన్, ఉపశీర్షికలకు ఏజిసబ్, సబ్‌టైటిల్ ఎడిట్, టైటిల్ బొమ్మలకు ఇంక్‌స్కేప్, గింప్ వాడుకలో ఉన్నాయి. ఎడిటింగు, రంగుల దిద్దుబాటు, ధ్వని మిశ్రమం అన్నీ ఒకే ప్రోగ్రాములో ఇమిడ్చే యాజమాన్య విధానానికి భిన్నంగా, ఇక్కడ ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రామును వాడడం పరిపాటి.

మారే ప్రక్రియ

పాత ప్రాజెక్టులు

ఒక ఎడిటర్ ప్రాజెక్టు ఫైలు మరో ఎడిటర్‌లో నేరుగా తెరుచుకోదు. మధ్యవర్తి ఫార్మాట్లు ఉన్నాయి. సీఎంఎక్స్ యంత్రాల కాలం నుంచి వస్తున్న ఎడిట్ డెసిషన్ లిస్టు, అంటే ఈడీఎల్, ఏ క్లిప్‌లో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు తీసుకోవాలో మాత్రమే చెబుతుంది. ఫైనల్ కట్ ఎక్స్‌ఎంఎల్ అంతకంటే ఎక్కువ వివరాలు మోస్తుంది. పిక్సార్‌లో పుట్టి, 2018లో ఏర్పడిన అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పరిధిలోకి చేరిన ఓపెన్‌టైమ్‌లైన్‌ఐఓ ఇదే పనికి ఓపెన్ సోర్సు మార్గం. ఓపెన్‌షాట్ మొదటి రెండింటినీ, కేడెన్‌లైవ్ మూడోదాన్నీ గుర్తిస్తాయి.

వీటిలో ఏ ఫార్మాటులోనైనా కోతలు, క్లిప్పుల వరుస చాలావరకు దక్కుతాయి. ఎఫెక్టులు, టైటిళ్లు, రంగుల దిద్దుబాటు సాధారణంగా దాటిరావు. అందువల్ల పూర్తయిన ప్రాజెక్టుల తుది ఫలితాన్ని నాణ్యమైన ఫైలుగా రాసి భద్రపరచడం, జరుగుతున్న పనిని పాత ప్రోగ్రాములోనే ముగించడం, కొత్త పనిని కొత్త ప్రోగ్రాములో మొదలుపెట్టడం అన్న క్రమాన్ని సాధారణంగా అనుసరిస్తారు. చందా ముగిశాక పాత ప్రాజెక్టును తెరిచే వీలుండదు కాబట్టి ఈ ఎగుమతి ముందే జరగాలి.

చిత్రీకరణ ఫైళ్లు

ఫోన్లలో తీసిన వీడియోల్లో ఫ్రేముల వేగం స్థిరంగా ఉండకపోవచ్చు. అలాంటి క్లిప్పుల్లో చిత్రానికి, ధ్వనికి క్రమంగా పొంతన తప్పుతుంది. షాట్‌కట్, కేడెన్‌లైవ్ వీటిని గుర్తించి, స్థిర వేగానికి మార్చుకునే సౌకర్యం ఇస్తాయి. కెమెరాల నుంచి వచ్చే ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఫైళ్లను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చదవగలదు, రాయగలదు. కెమెరా సంస్థల సొంత రా ఫార్మాట్లకు ఇంతటి మద్దతు లేదు.

కంప్యూటరు వ్యవస్థ

ఎడిటర్‌ను మార్చడానికి లినక్స్‌కు మారనక్కర్లేదు. కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఓపెన్‌షాట్, బ్లెండర్ అన్నీ విండోస్‌లో నడుస్తాయి. లినక్స్‌లో ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్ ప్యాకేజీలు ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలను వెంట తెచ్చుకుంటాయి. ప్రసిద్ధ ఉచిత ప్రోగ్రాముల పేర్లతో నకిలీ డౌన్‌లోడ్లు పెట్టి హానికర సాఫ్ట్‌వేర్ పంపడం పరిపాటి కావడంతో, ప్రాజెక్టు అధికారిక వెబ్‌సైటు నుంచే తీసుకోవడం భద్రతా నియమం.

ఫార్మాట్లు, పేటెంట్లు

కోడు స్వేచ్ఛగా లభించినా, అది అమలుచేసే కుదింపు పద్ధతిపై పేటెంట్లు ఉండవచ్చు. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264, దాని తర్వాతి హెచ్.265 అలాంటివే. వీడియోల్యాన్ ప్రాజెక్టులోని ఎక్స్264 హెచ్.264ను రాసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అయినా కొన్ని లినక్స్ పంపిణీలు పేటెంట్ల కారణంగా ఇలాంటి కోడెక్‌లను అప్రమేయంగా ఇవ్వవు, వాడుకరే విడిగా చేర్చుకోవాలి.

రాయల్టీ లేని ఫార్మాట్లు దీనికి సమాంతరంగా ఎదిగాయి. గూగుల్ 2010లో వీపీ8ను విడుదల చేసి వెబ్‌ఎం ఫార్మాటుకు ఆధారం చేసింది. తర్వాత వీపీ9, 2018లో ఏవీ1 వచ్చాయి. ధ్వనికి 2012లో ఓపస్ ప్రమాణమైంది. నష్టం లేకుండా కుదించే ఎఫ్‌ఎఫ్‌వీ1ను దృశ్య ఆర్కైవులు భద్రపరచడానికి వాడుతున్నాయి. వికీమీడియా కామన్స్ ఎంపీ4 ఫైళ్లను స్వీకరించదు. తెలుగు వికీపీడియా వ్యాసానికి వీడియో జోడించదలచినవారు దాన్ని వెబ్‌ఎం వంటి ఫార్మాటులోకి మార్చాలి.

తెలుగు లిపి, ఉపశీర్షికలు

తెలుగు అక్షరాలు తెర మీద సరిగా రావాలంటే గుణింతాలు, వత్తులు వాటి స్థానాల్లో అమరాలి. ఈ పనిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువగా హార్ఫ్‌బజ్ లైబ్రరీ చేస్తుంది. క్యూటీ అనే తెర నిర్మాణ ఫ్రేమ్‌వర్క్ ఆధారంగా నిర్మించిన కేడెన్‌లైవ్, షాట్‌కట్‌లకు దాని సేవ అందుతుంది. బ్లెండర్ వంటివాటిలో ఈ అమరిక చాలాకాలం లోపించింది. అక్కడ టైటిల్‌ను ఇంక్‌స్కేప్‌లో రాసి, నేపథ్యం పారదర్శకంగా ఉన్న బొమ్మగా దిగుమతి చేసుకోవడం పరిష్కారం.

యూనికోడ్ తెలుగును సరిగా చూపలేని పాత ప్రోగ్రాముల కాలంలో, పెళ్లి వీడియోలు, స్థానిక ప్రకటనలు చేసే స్టూడియోల్లో అను ఫాంట్లు స్థిరపడ్డాయి. ఇవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను ఉంచే ఫాంట్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే టైటిల్ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌కు మారితే ఈ ఇబ్బంది తొలగుతుంది కానీ పాత టైటిళ్లను మార్పిడి సాధనంతో మార్చడమో, మళ్లీ టైపు చేయడమో తప్పదు. సిలికానాంధ్ర చొరవతో వెలువడిన ఎన్‌టీఆర్, మల్లన్న, మండలి, సూరన్న, గిడుగు, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. నోటో సాన్స్ తెలుగు మరొకటి.

మాటను పాఠంగా మార్చి ఉపశీర్షికలు తయారుచేసే సదుపాయం కేడెన్‌లైవ్‌లో వోస్క్, విస్పర్ ఇంజిన్ల ద్వారా ఉంది. 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్ గుర్తించే భాషల్లో తెలుగు ఒకటి. ఇంగ్లీషుతో పోలిస్తే తెలుగులో తప్పులు ఎక్కువ. ఫలితాన్ని చదివి దిద్దుకోవాలి. ఈ ఇంజిన్లు వాడుకరి కంప్యూటర్లోనే నడవగలవు కాబట్టి రికార్డింగును బయటి సర్వరుకు పంపనక్కర్లేదు.

నిర్వహణ, నిధులు

స్వేచ్ఛా ఎడిటర్లలో చాలావాటిని చిన్న బృందాలు నడుపుతాయి. ఆదాయం విరాళాలు, నిధుల సేకరణ ప్రచారాలు, ప్రాయోజకుల నుంచి వస్తుంది. ఓపెన్‌షాట్ 2013లో కిక్‌స్టార్టర్ ద్వారా సుమారు 45 వేల డాలర్లు సేకరించింది. కేడెన్‌లైవ్ 2022లో 15 వేల యూరోల లక్ష్యంతో సేకరణ చేపట్టి, దాన్ని అధిగమించింది. బ్లెండర్‌కు వ్యక్తులు, సంస్థలు సభ్యులుగా చేరే అభివృద్ధి నిధి ఉంది. అభివృద్ధికారులు తప్పుకుంటే ప్రాజెక్టు మందగించే ప్రమాదం ఉంది. కీనో అభివృద్ధి అలాగే నిలిచిపోయింది. కోడు అందుబాటులో ఉండడం వల్ల సినెలెర్రా విషయంలో జరిగినట్టు ఇతరులు శాఖలుగా కొనసాగించడమూ సాధ్యమే.

పరిమితులు

రంగుల దిద్దుబాటులో స్వేచ్ఛా ఎడిటర్లు డావించీ రిజాల్వ్ స్థాయిని అందుకోలేదన్నది తరచు వినిపించే విమర్శ. ఎంఎల్‌టీలో ఎఫెక్టుల లెక్కింపు చాలాకాలం 8 బిట్ల లోతులోనే సాగింది. 10 బిట్ల కెమెరా ఫైళ్లలోని సూక్ష్మమైన రంగుల తేడాలు అందులో నిలవవు. తర్వాతి కాలంలో ఈ పరిమితిని తొలగించే పని మొదలైంది. ఎఫెక్టుల లెక్కింపులో గ్రాఫిక్స్ కార్డు వినియోగం పరిమితం కావడం, పెద్ద ప్రాజెక్టుల్లో ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగిపోవడం, ఒకే ప్రాజెక్టు మీద పలువురు కలిసి పనిచేసే ఏర్పాట్లు తక్కువగా ఉండడం కూడా వాడుకరులు ప్రస్తావించే సమస్యలు. యాజమాన్య ప్రోగ్రాములకే తయారయ్యే ప్లగిన్లు, టైటిల్ టెంప్లేట్లు వీటిలో పనిచేయవు. ఉద్యోగ ప్రకటనలు, శిక్షణ కేంద్రాలు ఎక్కువగా ప్రీమియర్ ప్రో, అవిడ్ పేర్లనే పేర్కొనడం కొత్తవారి ఎంపికను ప్రభావితం చేస్తుంది.

వినియోగం, ప్రాధాన్యం

పాఠశాలలు, స్వచ్ఛంద సంస్థలు, యూట్యూబ్ ఛానళ్లు, పరిశోధకులు, చిన్న స్టూడియోలు ఈ ఎడిటర్ల ప్రధాన వాడుకరులు. కేరళ ప్రభుత్వ పాఠశాలల సాంకేతిక విద్య స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆధారంగా సాగుతోంది. 2001లో తిరువనంతపురంలో మొదలైన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, హైదరాబాదు కేంద్రంగా తెలుగు లినక్స్ పంపిణీని రూపొందించిన స్వేచ్ఛ సంస్థ ఈ ఉద్యమానికి దేశంలో ప్రచారం కల్పించాయి.

సినిమా పరిశ్రమలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రభావం ఎడిటింగు టేబుల్ కంటే దృశ్య నిర్మాణంలో ఎక్కువ. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ 2003లో ఓపెన్ సోర్సుగా ఇచ్చిన ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ చిత్ర ఫార్మాటు పరిశ్రమ ప్రమాణమైంది. బ్లెండర్‌తో నిర్మించిన లాత్వియా యానిమేషన్ చిత్రం ఫ్లో 2025లో ఆస్కార్ గెలుచుకుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ స్వేచ్ఛా ఎడిటర్లతో పాటు అనేక యాజమాన్య ప్రోగ్రాముల్లోనూ, వీడియో వెబ్‌సైట్ల వెనుకా పనిచేస్తోంది.

వినియోగదారుడికి ఈ మార్పు వల్ల చేకూరే ప్రధాన ప్రయోజనం ప్రాజెక్టుల ఆయుష్షు. ప్రోగ్రాము పాత వెర్షన్లు ఎప్పుడైనా దొరుకుతాయి, ఫైళ్ల రూపం బహిరంగం, చందా గడువు లేదు. నాణ్యమైన రంగుల దిద్దుబాటు, బృందంగా పనిచేసే సౌకర్యం, ప్లగిన్లు ముఖ్యమైన చోట యాజమాన్య సాఫ్ట్‌వేర్‌దే పైచేయి. చాలామంది రెండింటినీ కలిపి వాడుతున్నారు.

ఇవి కూడా చూడండి

ఉపశీర్షికలు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు, తెలుగు యూనికోడ్ ఫాంట్లు, నాన్ లీనియర్ ఎడిటింగ్, బ్లెండర్, లినక్స్, వీడియో కోడెక్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం